మా టెక్కెన్ గుంపులో గెలిచినవాడు ఓడినవాడికి ఏమీ చెప్పడు: ఇలాంటి చోటు నుంచి ప్రొఫెషనల్ స్థాయికి ఎదగడం సాధ్యమేనా?

గాజువాక_జిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. 2024 జనవరిలో టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేమ్ (ఇద్దరు ఎదురెదురుగా తలపడే వీడియో గేమ్) విడుదలైన నాటి నుంచి దాదాపు రోజూ ఆడుతున్నాను. గాజువాకలో ఒక గేమింగ్ కేఫ్ యజమాని ఆదివారం మధ్యాహ్నాలు మా కోసం రెండు సెటప్‌లు తక్కువ అద్దెకు కేటాయిస్తారు. మొదట్లో పద్నాలుగు మందిమి కలిసేవాళ్లం. ఇప్పుడు ఎనిమిది మందిమి మిగిలాం.

మానేసిన ఆరుగురిలో ఒక్కరు కూడా ఆట మీద ఇష్టం పోయి మానలేదు. మాలో అందరికన్నా బాగా ఆడే ఇద్దరు తాము కనిపెట్టిన కిటుకులను ఎవరికీ చెప్పరు. ఏ దెబ్బను ఆపిన తర్వాత తిరిగి కొట్టే వీలుందో అడిగితే, ‘ల్యాబ్‌లో (ప్రాక్టీస్ మోడ్‌లో) కూర్చుని నువ్వే తెలుసుకో’ అంటారు. ఓడినవాడు లేచేలోపు వెనుక నుంచి బూతులు మొదలవుతాయి. ఒకసారి ఇంటర్ చదివే కుర్రవాడు వరుసగా ఏడు ఆటలు ఓడిపోతే, వాడి ఊరి పేరు పెట్టి ఎగతాళి చేశారు. వాడు మళ్లీ రాలేదు. ఆ రోజు నేనూ అక్కడే ఉండి నోరు మెదపలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

నాకు ఈ రంగంలో ప్రొఫెషనల్‌గా ఎదగాలని ఉంది. గుంపును వదిలి ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ ర్యాంక్డ్ (ర్యాంకు కోసం ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడే ఆటలు) మాత్రమే ఆడుకోవడం మంచిదా, లేక ఈ గుంపునే బాగుచేసుకోవడం మంచిదా? గుంపు తీరుకూ ఆటగాడి ఎదుగుదలకూ నిజంగా సంబంధం ఉందా, లేక ప్రతిభ, సాధన ఉన్నవాడు ఎక్కడున్నా పైకి వస్తాడా? మరో సందేహం కూడా ఉంది. స్టీల్ ప్లాంటులో పనిచేసే మా నాన్నగారు ‘దీనికీ ఆన్‌లైన్ రమ్మీకీ తేడా ఏమిటి?’ అని అడిగినప్పుడు నేను సరైన జవాబు ఇవ్వలేకపోయాను. అనుభవం ఉన్న పెద్దలు దయచేసి చెప్పండి.

పాత_కంట్రోలర్

తమ్ముడూ, హైదరాబాదులో సుమారు పదిహేనేళ్లు చిన్న చిన్న టోర్నమెంట్లు నడిపిన అనుభవంతో రాస్తున్నాను. సంబంధం ఉందా అని అడిగారు కాబట్టి, దీనికి నాకు తెలిసిన అతి గట్టి రుజువుతోనే మొదలుపెడతాను. అది మన సరిహద్దుకు అవతల ఉన్న లాహోర్ నగరం.

2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకుఓకాలో జరిగిన ఈవో జపాన్ అనే పెద్ద ఫైటింగ్ గేమ్ పోటీకి అర్స్‌లాన్ ఆష్ అనే పాకిస్తానీ యువకుడు వీసాల చిక్కులు, విమానాల ఆలస్యాలు దాటుకుని ఎలాగో చేరుకుని, టెక్కెన్ 7 టైటిల్ గెలిచారు. అప్పటికి టెక్కెన్ అంటే కొరియా, జపాన్ దేశాలే అందరికీ గుర్తొచ్చేవి. గెలిచిన తర్వాత ఆయన తన గొప్ప చెప్పుకోలేదు. తమ దేశంలో తనకు దీటైనవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారని చెప్పారు. చాలామంది ఆ మాటను మర్యాద కోసం అన్న మాటగా తీసుకున్నారు. కొరియాకు చెందిన ‘నీ’ (Knee) అనే ఆటగాడు మాత్రం దాన్ని నిజమని నమ్మారు. టెక్కెన్ చరిత్రలోనే అగ్రగణ్యులలో ఒకరైన ఆయన స్వయంగా పాకిస్తాన్ వెళ్లి సాధన చేశారు. బయటి ప్రపంచం పేరైనా వినని ఆటగాళ్ల చేతిలో అక్కడ ఓడిపోయారు, అందులో దాచుకోవలసింది ఏమీ లేదని అందరికీ తెలిసేలా చెప్పారు కూడా. అదే ఏడాది ఆగస్టులో లాస్ వెగాస్‌లో జరిగిన అసలు ఈవో ఫైనల్‌లో ‘నీ’ని ఓడించి అర్స్‌లాన్ రెండో టైటిల్ అందుకున్నారు. ఆ రెండింటినీ ఒకే ఏడాదిలో గెలిచిన మొదటి ఆటగాడు ఆయనే. 2023లో అదే ఘనతను మళ్లీ సాధించారు. ఇది ఒక్క మనిషి ప్రతిభ మాత్రమే కాదనడానికి, 2022 సీజన్ టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్‌ను ఆతిఫ్ బట్ అనే మరో పాకిస్తానీ గెలవడమే సాక్ష్యం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ కుర్రవాళ్ల చేతిలో డబ్బు లేదు, పెద్ద స్పాన్సర్లు లేరు, పాస్‌పోర్టు చూపిస్తే సులభంగా వీసా ఇచ్చే దేశమూ లేదు. వాళ్లకు ఉన్నవల్లా ఆర్కేడ్‌లు, ఒకే మెషీన్ ముందు వరుసలో నిలబడి ఒకరినొకరు రోజూ ఓడించుకునే స్నేహితులు. ప్రపంచ ఛాంపియన్‌ను ఓడించగలిగినవాడు పక్క వీధిలోనే ఉంటే, ఎవరూ తమ స్థాయి చాలునని అనుకోలేరు. ఆన్‌లైన్‌లో ఒంటరిగా ర్యాంకు పెంచుకునే సాధనలో దొరకనిది సరిగ్గా ఇదే. ర్యాంక్డ్‌లో మిమ్మల్ని ఓడించినవాడు మరో ఆటకు ఒప్పుకోకుండా వెళ్లిపోతే, మీ తప్పు ఏమిటో మీకు ఎవరు చెబుతారు?

కిటుకులు దాచుకోవడం గురించి నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. తెలియనివారి కోసం ముందుగా ఒక మాట: ఈ ఆటలో సెకనుకు అరవై ఫ్రేములు ఉంటాయి, అతి వేగమైన పిడిగుద్దుకే పది ఫ్రేములు పడుతుంది. ఒక దెబ్బను ఎదుటివాడు ఆపినప్పుడు కొట్టినవాడు పదిహేను ఫ్రేముల పాటు కదలలేని స్థితిలో ఉంటే, ఆపినవాడు ఆ పావు సెకనులో అతన్ని గాలిలోకి లేపి, ప్రాణంలో చాలా భాగం తీసేయగలడు. మా గేమింగ్ పార్లర్‌లో నేను అలాంటి ప్రమాదకరమైన ఒక దెబ్బను ఆరు నెలలు వాడాను. దాన్ని ఎలా శిక్షించాలో నాకు తెలుసు, మిగతావాళ్లకు తెలియదు, నేను చెప్పలేదు. ఆదివారం పోటీలన్నీ గెలిచాను. తర్వాత బెంగళూరులో జరిగిన పోటీకి వెళితే, మొదటి ప్రత్యర్థి ఆ దెబ్బను మూడుసార్లు ఆపి, మూడుసార్లూ శిక్షించాడు. లూజర్స్ బ్రాకెట్‌లో, అంటే ఒకసారి ఓడినవాళ్లకు దొరికే రెండో అవకాశంలోనూ అదే జరిగింది. ఒక్క సెట్ కూడా గెలవకుండా రాత్రి బస్సు ఎక్కాను. ఆ ఆరు నెలల్లో నా ఆట ఒక్క అంగుళం కూడా పెరగలేదని, నా చుట్టూ ఉన్నవాళ్లకు తెలియకపోవడమే నా బలంగా నిలబడిందని ఆ బస్సులో అర్థమైంది.

తిరిగి వచ్చాక మా పార్లర్‌లో ఒక నియమం పెట్టాను. సెట్ ముగియగానే గెలిచినవాడు ఓడినవాడికి ఒకే ఒక్క విషయం చెప్పాలి. ఉపన్యాసం అక్కరలేదు. ‘నువ్వు కింద పడిన ప్రతిసారీ వెంటనే లేస్తున్నావు, అందుకే రెండోసారి కొడుతున్నాను’ అన్నంత చిన్న మాట చాలు. మొదటి నెల అందరూ మొక్కుబడిగా చెప్పారు. మూడో నెలకు నన్ను ఓడించేవాళ్లు నలుగురయ్యారు. మొదట కష్టంగా అనిపించింది, కానీ నా ఆట మళ్లీ పెరగడం మొదలైంది అప్పుడే. మీ దగ్గరి ఆ ఇద్దరికీ ఈ సంగతి చెప్పండి. చుట్టూ ఉన్న మిగతా ఆరుగురూ వాళ్ల కిటుకులకు విరుగుడు నేర్చుకునే దాకా, గాజువాక దాటితే తమ స్థాయి ఎంతో వాళ్లకూ తెలియదు.

డల్లాస్_నుంచి_ఒకరు

పై సమాధానంలో చాలా భాగంతో ఏకీభవిస్తున్నాను. అయితే ఒక విషయంలో భిన్నాభిప్రాయం ఉంది. అన్నీ అందరితో పంచుకుంటేనే ఎదుగుతారన్నది అన్ని ఆటలకూ వర్తించదు. కొరియాలో స్టార్‌క్రాఫ్ట్ అనే వ్యూహాల ఆట ఎదిగిన తీరు చూడండి. 1998లో ఆ ఆట వచ్చాక పీసీ బ్యాంగులనే గేమింగ్ కేఫ్‌లలో అభిమానం పెరిగింది, 2000లో కెస్పా అనే ఈస్పోర్ట్స్ (పోటీ వీడియో గేమ్‌ల) సంఘం ఏర్పడింది, జట్లు వచ్చాయి, జట్ల ఇళ్లలో యువకులు కలిసి ఉంటూ రోజంతా సాధన చేశారు. ఆ జట్లు తమ వ్యూహాలను ప్రత్యర్థి జట్లకు చెప్పలేదు, పోటీ రోజు దాకా భద్రంగా దాచాయి. అయినా ప్రపంచంలో అత్యుత్తమ స్టార్‌క్రాఫ్ట్ ఆటగాళ్లు అక్కడి నుంచే వచ్చారు. ఎందుకంటే జట్టు లోపల దాపరికం లేదు. కాబట్టి మీరు అడగవలసిన ప్రశ్న దాచుకోవచ్చా లేదా అన్నది కాదు, ఎవరి నుంచి దాచుకుంటున్నారు అన్నది. ఎనిమిది మంది ఉన్న గుంపు ఒక జట్టు లాంటిది. హైదరాబాదు వాళ్ల మీదికి వెళ్లే ముందు ఏదైనా దాచుకుంటే అర్థం ఉంది, పక్క కుర్చీలో కూర్చున్నవాడి నుంచి దాచుకోవడంలో అర్థం లేదు.

ఆ కొరియా కథకు చేదు భాగం కూడా ఉంది. 2010లో మ్యాచ్ ఫిక్సింగ్ బయటపడి, అప్పటికే ఛాంపియన్‌గా పేరున్న ఆటగాడితో సహా పదకొండు మందిని కెస్పా నిషేధించింది. శిక్షణ, క్రమశిక్షణ, టీవీ ప్రసారాలు అన్నీ ఉన్నచోట కూడా నిజాయితీని విడిగా కాపాడుకోవలసి వచ్చింది.

ఇక ఫైటింగ్ గేమ్‌ల సంగతి. అమెరికాకు వచ్చాక నేను ఇక్కడి వారాంతపు ‘లోకల్’ పోటీలకు వెళ్లడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఎవరితోనూ పరిచయం లేక గోడ పక్కన నిలబడి ఉంటే, బ్రాకెట్ నడుపుతున్న వ్యక్తి నా కంట్రోలర్ చూసి, ఖాళీగా ఉన్న స్టేషన్‌లో ఒకరితో కూర్చోబెట్టాడు. ఆ వ్యక్తికి జీతం లేదు. కుర్చీలు సర్దేవాడు, ప్రసారం చూసుకునేవాడు, వ్యాఖ్యానం చెప్పేవాడు, అందరూ పగలు వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లే. ఈవో పుట్టింది కూడా ఇలాగే. 1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో సుమారు నలభై మందితో బ్యాటిల్ బై ది బే పేరుతో మొదలై, 2002లో ఈవో అయింది. 2023లో స్ట్రీట్ ఫైటర్ 6 ఒక్క ఆటకే 7,000 మందికి పైగా నమోదయ్యారు. ఆ పోటీని యూఏఈకి చెందిన యాంగ్రీబర్డ్ గెలిచారు. ప్రవేశ రుసుము కట్టిన ఎవరైనా బ్రాకెట్‌లోకి రావచ్చు. అర్హత పోటీలు లేవు, ఆహ్వానాలు లేవు. మీకు ఎదురుగా ప్రపంచ ఛాంపియన్ కూర్చోవచ్చు. నాకు ఒకసారి అలాగే జరిగింది. రెండు ఆటలు చూస్తుండగానే ఓడిపోయాను, కానీ లేచేటప్పుడు ఆయన చేయి కలిపి, నేను ఎప్పుడూ ఎడమ వైపుకే తప్పుకుంటున్నానని చెప్పారు. ఆ ఒక్క మాట మీద తర్వాత నాలుగు నెలలు సాధన చేశాను.

ప్రొఫెషనల్ ఎదుగుదల అంటే బహుమతి గెలవడం ఒక్కటే అనుకోవద్దని కూడా చెప్పాలని ఉంది. ఈవో స్థాపకులలో ఒకరైన టోనీ కానన్, ఆన్‌లైన్‌లో ఫైటింగ్ గేమ్‌లు ఆడితే వచ్చే ఆలస్యంతో విసిగి, జీజీపీవో అనే రోల్‌బ్యాక్ నెట్‌కోడ్ రాశారు. ఎదుటివాడి ఆజ్ఞ అందేదాకా ఆట ఆగకుండా, అతను ఏం చేస్తాడో ఊహించి ముందుకు నడిచి, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిచేసుకునే పద్ధతి అది. 2019లో దాన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేశారు. ఈ రోజు మీరు విశాఖ నుంచి మరో నగరంలో ఉన్నవాడితో టెక్కెన్ ఆడగలగడం వెనుక ఆ రకమైన ఆలోచనే ఉంది. మరో స్థాపకుడు సెత్ కిలియన్ తర్వాత స్ట్రీట్ ఫైటర్ తయారుచేసే క్యాప్‌కామ్‌లో ఉద్యోగం చేశారు. సాటి ఆటగాళ్ల ఇబ్బందిని తీర్చాలని మొదలుపెట్టిన పనే వాళ్లకు వృత్తి అయింది. మీరు బీటెక్ చదువుతున్నారు కాబట్టి ఈ దారిని తప్పకుండా గమనించండి.

జపాన్‌కు చెందిన స్ట్రీట్ ఫైటర్ ఆటగాడు డైగో ఉమెహరా జీవితం కూడా తెలుసుకోదగినది. 2004 ఈవోలో ప్రాణం దాదాపు అడుగంటిన స్థితిలో జస్టిన్ వాంగ్ చున్-లీ పాత్రతో వేసిన సూపర్‌లోని పదిహేను దెబ్బలనూ వరుసగా ప్యారీ చేసి (సరిగ్గా తగిలే క్షణంలో అడ్డుకుని) గెలిచిన ఆ ఆటను ఫైటింగ్ గేమ్‌లు ఆడేవారిలో చూడనివారు ఉండరు. కానీ ఆ పోటీ ఫైనల్‌లో ఆయన ఓడిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆట మానేసి వృద్ధుల సంరక్షణ కేంద్రంలో పనిచేశారు. అంతటి ఆటగాడికి అప్పట్లో ఆటను నమ్ముకుని బతికే వీలు లేకపోయింది. స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చాక తిరిగి వచ్చి 2009 ఈవో గెలిచారు, 2010లో స్పాన్సర్ దొరికింది. ఆయన లేని ఆ సంవత్సరాల్లో కూడా పోటీలను ఎవరో ఒకరు నడుపుతూనే ఉన్నారు కాబట్టి ఆయన తిరిగి రావడానికి ఒక చోటు మిగిలింది.

మైక్_ఆన్_చేశాను

బూతుల సంగతిని పై ఇద్దరూ ఎక్కువగా ప్రస్తావించలేదు కాబట్టి నేను రాస్తున్నాను. మాది గుంటూరు. నేను టెక్కెన్ ఆడను, జట్లుగా తుపాకులతో తలపడే బీజీఎంఐ, వాలరెంట్ ఆడతాను.

ఈ ఆటల్లో గొంతు కూడా ఒక పనిముట్టు. జోన్ (ఆటలో సురక్షితంగా మిగిలే ప్రాంతం) ఎటు జరుగుతోంది, ఏ ఇంటి వెనుక శత్రువు ఉన్నాడు, ఇప్పుడు ముందుకు దూకాలా, ఆగాలా అన్నది జట్టుకు చెప్పేవాడిని ఐజీఎల్ అంటారు. నాకు మ్యాప్ బాగా అర్థమవుతుంది, ఐజీఎల్‌గా ఎదగాలని కోరిక ఉండేది. కానీ నేను మైక్ ఆన్ చేసి మాట్లాడిన ప్రతిసారీ, ఆడపిల్ల గొంతు వినగానే మొదలయ్యే మాటలు ఇక్కడ రాయలేను. అందుకే రెండేళ్లు మైక్ ఆపి ఆడాను. ఆ రెండేళ్లలో నా గురి మెరుగైంది, కానీ జట్టును నడిపించడం మాత్రం నేర్చుకోలేకపోయాను. సాధన చేయవలసిన వయసులో, సాధనకు కావలసిన పనిముట్టునే నా చేతిలోంచి లాగేసుకున్నారు. ‘పట్టించుకోకు, మ్యూట్ చేసెయ్’ అని సలహా ఇచ్చేవారు ఈ నష్టాన్ని గమనించాలని కోరుతున్నాను. మీ దగ్గర మానేసిన ఇంటర్ కుర్రవాడికి జరిగింది కూడా ఇదే. ఓడిపోవడం ఆ కుర్రవాడి సాధన. దాన్ని అందరి ముందు అవమానంగా మార్చేస్తే ఇంకెక్కడ నేర్చుకుంటాడు?

ఒకసారి ఒక టోర్నమెంటులో ప్రత్యర్థి జట్టు సభ్యుడి ప్రవర్తన గురించి నిర్వాహకులకు ఫిర్యాదు చేశాను. ‘ఫైనల్స్ అయ్యాక చూద్దాం’ అన్నారు, తర్వాత ఎవరూ చూడలేదు. ఫిర్యాదు ఎవరికి చేయాలో, చేస్తే ఏం జరుగుతుందో ముందుగా రాసిపెట్టి లేకపోవడమే దీనికి మూలమని నా నమ్మకం. పైన పేర్కొన్న ఈవో కూడా ఈ విషయంలో చాలా పెద్ద దెబ్బ తిన్నది. 2020లో కోవిడ్ వల్ల పోటీని ఆన్‌లైన్‌కు మార్చారు. సంస్థ ప్రధాన అధికారి మీద పాత కాలానికి చెందిన తీవ్ర ఆరోపణలు జులైలో బయటికి వచ్చాయి. వ్యాఖ్యాతలు, ఆటగాళ్లు, క్యాప్‌కామ్, బందాయ్ నామ్కో వంటి కంపెనీలు వెనక్కి తగ్గడంతో ఆ అధికారిని తొలగించారు, ఆ ఏడాది పోటీ పూర్తిగా రద్దయింది. మరుసటి ఏడాది మార్చిలో సోనీ, ఆర్‌టీఎస్ సంస్థలు ఈవోను కొన్నాయి. 2025లో సోనీ తన వాటాను మన దేశానికి చెందిన నాడ్విన్ గేమింగ్‌కు ఇచ్చింది. నలభై మందితో మొదలైనప్పుడు అందరూ స్నేహితులే కాబట్టి నియమాలు అక్కరలేదని అనుకోవచ్చు. వేల మంది, అందులోనూ చిన్న వయసు పిల్లలు వచ్చే చోట స్నేహం మీదే భారం వేస్తే ఇలాగే అవుతుంది.

మీరు ఎనిమిది మందే ఉన్నప్పుడే ఒక కాగితం మీద తెలుగులో రాసి గోడకు అంటించండి. కులం, ఊరు, కుటుంబం, ఆడ మగ తేడాల మీద మాటలు ఉండవని, మొదటిసారి ఆ రోజు ఆట బంద్, రెండోసారి నెల రోజులు రాకూడదని రాయండి. అందరికన్నా బాగా ఆడేవాడికి ముందుగా వర్తింపజేయండి. ఒక్కసారి అలా చేస్తే మిగతావాళ్లకు విడిగా చెప్పవలసిన అవసరం ఉండదు. నేను ఇప్పుడు నలుగురు అమ్మాయిలతో జట్టు కట్టి మైక్ ఆన్ చేసే ఆడుతున్నాను. ముందు చేయవలసిన పనిని ఆలస్యంగానైనా నేర్చుకుంటున్నాను.

రాజమండ్రి_సపోర్ట్

పై అందరూ చెప్పినవి బాగున్నాయి. నాన్నగారి ప్రశ్నకు ఎవరూ జవాబు రాయలేదు కాబట్టి ఆ ఒక్క దాని గురించే రాస్తాను. నేను మూడేళ్లు మొబైల్ ఈస్పోర్ట్స్‌లో ఒప్పందం మీద ఆడి, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను.

నాన్నగారితో ఇలా చెప్పండి. రమ్మీ యాప్‌లో ఆడేవాడు తన డబ్బు పణంగా పెడతాడు, మరొకడి డబ్బు గెలుచుకుంటాడు. ఈస్పోర్ట్స్‌లో ప్రవేశ రుసుము ఉండవచ్చు, బహుమతి ఉండవచ్చు, కానీ పందెం ఉండదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ వంటి వాటిని నిషేధించింది. 2022 డిసెంబరులో కేంద్రం ఈస్పోర్ట్స్‌ను బహుళ క్రీడల పోటీలలో భాగంగా గుర్తించి, ఆ విషయాన్ని క్రీడల మంత్రిత్వ శాఖకు అప్పగించింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతటా నిషేధిస్తూనే, ఈస్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించి ప్రోత్సహించాలని చెప్పింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల పోటీగా ఉంది, మన దేశం తరఫున ఆటగాళ్లు వెళ్లారు. చదరంగం ఉదాహరణ చెబితే నాన్నగారికి ఇంకా సులభంగా అర్థం కావచ్చు. మన వరంగల్‌కు చెందిన అర్జున్ ఎరిగైసి 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ చదరంగంలో జెన్.జీ అనే కొరియా ఈస్పోర్ట్స్ సంస్థ తరఫున ఆడి నాలుగో స్థానంలో నిలిచారు.

అయితే నాన్నగారి భయంలో నిజం లేదని మాత్రం చెప్పకండి. 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు అందులో పబ్జీ మొబైల్ ఉంది. ఆ మధ్యాహ్నం దాకా నాకు జీతం వచ్చే పని ఉండేది, సాయంత్రానికి లేదు. 2021 జులైలో దాని భారతీయ రూపంగా బీజీఎంఐ వచ్చింది, 2022 జులై చివరలో స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో తిరిగి వచ్చింది. ఈ మూడేళ్లలో నేను ఎదిగానా, ఆగిపోయానా అన్నది నా ఆట మీద ఆధారపడలేదు. ఒక పోటీ బహుమతి సొమ్ము ఏడు నెలల తర్వాత చేతికి వచ్చింది. ఒప్పందంలో నన్ను వేరే జట్టుకు వెళ్లనివ్వని షరతు ఉందని, వెళ్లాలనుకున్న రోజున తెలిసింది. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు, కాగితం చదవకుండానే సంతకం పెట్టాను. నాకన్నా ముందు సంతకం పెట్టిన సీనియర్లు మా స్క్రిమ్స్ (జట్ల మధ్య సాధన మ్యాచ్‌ల) గ్రూపులోనే ఉన్నారు. జీతం ఎంత, బహుమతిలో వాటా ఎంత, విడుదల షరతులు ఏమిటి అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. పైన పాత కంట్రోలర్ గారు కిటుకుల దాపరికం గురించి రాశారు. జీతాల దాపరికం అంతకన్నా ఎక్కువ నష్టం చేస్తుంది.

డిగ్రీ పూర్తి చేయండి, ఇది నా విన్నపం. ఫైటింగ్ గేమ్‌లలో పెద్ద బహుమతి ఎంత పైకి పేరుకుపోయి ఉంటుందో చూడండి: క్యాప్‌కామ్ కప్ 10లో విజేతకే పది లక్షల డాలర్లు దక్కాయి, తైవాన్‌కు చెందిన యూమా గెలిచారు. ఆ ఏడాది ప్రపంచమంతటా అదే ఆటను అంతే కష్టపడి సాధన చేసినవాళ్లు వేలమంది ఉన్నారు.

పాత_కంట్రోలర్

రాజమండ్రి తమ్ముడికి ధన్యవాదాలు. ఒప్పందాల విషయం నాకు తట్టలేదు. మీరు సంతకం పెట్టిన షరతులలో ముఖ్యమైనవి, సంస్థ పేరు లేకుండా, విడిగా ఒక ప్రశ్నగా ఇక్కడే పెడితే కొత్తవాళ్లకు చాలా ఉపయోగపడుతుంది. మీకు ఇబ్బంది లేకపోతేనే.

గాజువాక_జిన్

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. సమాధానాలను నాలుగైదుసార్లు చదివాను. వెంటనే జవాబు రాయకుండా, ఒక ఆదివారం గడిచాక రాద్దామని ఆగాను.

గుంటూరు అక్క చెప్పినట్టు తెలుగులో నియమాలు రాసి, కేఫ్ యజమాని అనుమతితో గోడకు అంటించాను. ఆయన చదివి, కింద తన ఫోన్ నంబరు కూడా రాయమన్నారు, ఫిర్యాదు ఉంటే తనకే చేయమన్నారు. బాగా ఆడే ఇద్దరిలో ఒకరు చదివి ‘ఇది బడి కాదు’ అని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన తిరిగి రాలేదు. రెండో ఆయనకు బెంగళూరు బస్సు సంగతి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కానీ సెట్ అయిపోయాక నేను త్రోలను (పట్టుకుని విసిరే దెబ్బలను) విడిపించుకోవడంలో ఎప్పుడూ ఒకే బటన్ నొక్కుతున్నానని చెప్పారు. ఇన్ని నెలలుగా ఆయన నన్ను ఓడిస్తున్నది దానితోనేనట. దాన్ని సరిచేసుకోవడానికి ఈ వారమంతా రోజుకు అరగంట ప్రాక్టీస్ మోడ్‌లో కూర్చుంటున్నాను.

నాన్నగారికి అర్జున్ ఎరిగైసి సంగతి చెప్పాను. చదరంగం దాకా ఒప్పుకున్నారు, తన్నుకునే ఆట గురించి తర్వాత మాట్లాడదామన్నారు. డిగ్రీ పూర్తి చేస్తానని మాట ఇచ్చాను.

ఇంటర్ కుర్రవాడి ఫోన్ నంబరు ఒక స్నేహితుడి దగ్గర దొరికింది. నిన్న రాత్రి మాట్లాడాను. ఆ రోజు మౌనంగా ఉన్నందుకు క్షమాపణ అడిగాను. పరీక్షలు అయ్యాక ఒకసారి వచ్చి చూస్తానన్నాడు, అయితే మొదటి ఆట నాతోనే ఆడతానని షరతు పెట్టాడు. సరేనన్నాను.